ఎన్ని ఆకులు? ఎన్ని నీళ్ళు?

“కషాయం కొట్టండి, తెగులు పోతుంది” అని ఎవరైనా చెబితే వాదన పెట్టుకోకండి. ఒక్కటే అడగండి: ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్ళు? అడిగి ఆ ముఖం చూడండి. “ఓ గుప్పెడు” అంటాడు. ఎవరి గుప్పెడు? “కాస్త చిక్కగా కాయాలి” అంటాడు. ఎంత చిక్కగా? “మా తాతలు తక్కెడ పెట్టి కొట్టారా?” అని కోప్పడతాడు. అంతటితో మాట తెగిపోతుంది. రైతు లేచి మందుల దుకాణానికి నడుస్తాడు.

ఈ ప్రశ్న నాది కాదు. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ మెట్ల పక్కన పొద్దున్నే గోనెపట్టా పరిచి ఆకుకూరలమ్మే ఒకావిడది. నాగోలు దాటాక మూసీ ఒడ్డున కాస్త నేల కౌలుకు తీసుకుని పాలకూర, తోటకూర, కొత్తిమీర వేస్తుంది. నేను ఒకప్పుడు మొక్కల తెగుళ్ళ చదువు చదివానని మాటల్లో బయటపడింది. అప్పట్నుంచి నా కట్టలో రెండు రెమ్మలు ఎక్కువ పడుతున్నాయి, ప్రశ్నలూ ఎక్కువ పడుతున్నాయి.

“సారూ, పాలకూరకు చుక్కలు పడుతున్నయ్. దుకాణమాయన ట్యాంకుకు మూడు మూతలు పొయ్యిమన్నడు. మా కోడలేమో ఫోన్ల జూసి యాపాకు ఉడకబెట్టి కొడ్దామంటున్నది. యాపాకు ఎంత ఎయ్యాలె? నీళ్ళెన్ని పొయ్యాలె?”

నోరు తెరిచాను. మూసుకున్నాను. ఆరేళ్ళు చదివిన చదువు ఆ గోనెపట్టా ముందు చిల్లరగా కూడా చెల్లలేదు. చుక్కలున్న ఆకులు ఏరి పారెయ్యమ్మా, సాయంత్రాలు పైనుంచి నీళ్ళు చల్లకు, విత్తనం మరీ ఒత్తుగా జల్లకు అని నాకు నిజంగా తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. “ఆకులన్నీ పారేస్తే ఏమమ్మాలె సారూ” అంది. అదీ నిజమే.

ఆవిడ మాటలో ఉన్నదంతా ఒకసారి విప్పి చూడండి. విషానికి కొలత ఉంది: మూడు మూతలు. సీసా మూతే కొలపాత్ర, అక్షరం రాని చేతికి కూడా లెక్క తప్పదు. వేపాకుకు కొలత లేదు. మంట మీద గంటసేపు నిలబడాలి, కట్టెలు దండగ, ఆపైన పనిచేస్తుందో లేదో దేవుడెరుగు. ఆవిడ దుకాణానికే వెళ్ళింది. తప్పుపట్టే నోరు నాకు లేదు. నా కోపమంతా కొలత కనుక్కోవలసిన ఉద్యోగాల్లో కూర్చుని కనుక్కోనివాళ్ళ మీద, కనుక్కుంటే తమ బేరం చెడుతుందని మెదలకుండా ఉన్నవాళ్ళ మీద. ఆ వరసలో ముందు నిలబడాల్సింది నేనే.

ఎమ్మెస్సీలో నేను చేసిన ఘనకార్యం చెబుతాను. బంగాళదుంప రసం, చక్కెర, అగార్ కలిపి జావ కాచి గాజు పళ్ళేల్లో పోస్తాం. జావలో ఆకురసం 5 శాతం, 10 శాతం, 15 శాతం కలుపుతాం. పళ్ళెం నడుమ శిలీంధ్రం ముక్క ఒకటి పెడతాం. వారం తర్వాత స్కేలు పట్టుకుని కొలుస్తాం. రసం లేని పళ్ళెంలో బూజు అంచుదాకా పాకి ఉంటుంది, రసం ఉన్నదాంట్లో సగంలో ఆగి ఉంటుంది. ఆ తేడాకు “అరికట్టిన శాతం” అని పేరు పెట్టి పట్టిక గీస్తాం. వేప, వెల్లుల్లి, తులసి, వావిలి, గోరింట, ఉమ్మెత్త, కానుగ. ఏడు మొక్కలు, మూడు మోతాదులు, ఒక పట్టా. నా ముందు చేసినవాళ్ళవీ దాదాపు అవే మొక్కలు, నా తర్వాత చేసినవాళ్ళవీ అవే. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు, దేశంలో ఏ మూలకు పోయినా ఇదే జావ, ఇవే పళ్ళేలు. థీసిస్ చివర ఒక వాక్యం ఉంటుంది: పొలంలో మరిన్ని పరిశోధనలు జరగవలసి ఉంది. నేనూ రాశాను. రాసి, సంతకం పెట్టించుకుని, పట్టా పుచ్చుకుని, ఆ పొలం వైపు మళ్ళీ చూడలేదు.

ఎందుకు చూడరో కూడా చెబుతాను. పళ్ళెంలో ఎండ లేదు, వాన లేదు, ఆకు మీది మైనపు పొర లేదు. శిలీంధ్రం వారమంతా ఆకురసంలో మునిగి కూర్చుంటుంది, చావక ఏం చేస్తుంది? పొలంలో అదే రసం ఆకు మీద పలచటి పొరగా కాసేపట్లో ఆరిపోతుంది. ఎండకు విరిగిపోతుంది, తొలి జల్లుకే కడుక్కుపోతుంది. పళ్ళెంలో 80 శాతం చూపించినది మడిలో 20 చూపించవచ్చు, ఏమీ చూపించకపోనూ వచ్చు. అది తేలాలంటే రెండు మూడు సీజన్లు పొలంలో నిలబడాలి. పట్టాకు అంత ఓపిక లేదు. “పనిచేయలేదు” అని తేలితే అచ్చువేసే పత్రికా లేదు.

మా మూసారాంబాగ్ పేరే ఒక ఫ్రెంచివాడిది. నిజాం దగ్గర ఫౌజు నడిపి 1798లో పోయిన మొస్యూ రేమండ్‌ని మనవాళ్ళు మూసారాం చేసుకున్నారు. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పటికీ ఉంది. ఆ దేశం నుంచే వచ్చిన ఇంకో కథ మన వ్యవసాయ కాలేజీల్లో మొదటి ఏడే చెబుతారు, చెప్పి అందులోని కీలకం వదిలేస్తారు. 1880ల్లో బోర్డో దగ్గర ద్రాక్షతోటలవాళ్ళు, దారినపోయేవాళ్ళు పళ్ళు తెంపుకోకుండా బాట పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ నీలం మరకలు చూస్తే ఎవడికీ నోట పెట్టబుద్ధి కాదు. మిలార్డే అనే ఆచార్యుడు ఆ బాటన పోతూ, తోటంతా బూజు తెగులుకు ఆకు రాలుస్తుంటే బాట పక్క తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయని గమనించాడు. మనవాడైతే “మన రైతుల ప్రాచీన విజ్ఞానం” అని ఉపన్యాసం ఇచ్చి శాలువా కప్పించుకునేవాడు. ఆయన తుత్తం ఎంత, సున్నం ఎంత, నీళ్ళెంత అని తోటల్లోనే తేల్చి 1885లో అచ్చువేశాడు. ఒక శాతం బోర్డో మిశ్రమం అంటే ఇవాళ కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. నారుమడి వేసిన ఏ రైతును అడిగినా చెబుతాడు. దొంగల కోసం పూసిన పూత మందుగా మారింది, నడుమ ఒకడు తక్కెడ పట్టుకున్నాడు గనక.

మనకు తక్కెడ పట్టినవాళ్ళే లేరనను. పురుగుల విషయంలో ఉన్నారు. వేపగింజల కషాయం 5 శాతం: 5 కిలోల గింజల పొడికి 100 లీటర్ల నీళ్ళు. ఈ ఒక్క అంకె ఎంత దూరం వెళ్ళిందో చూడండి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల, అప్పటి వరంగల్ జిల్లా ఏనబావి 2000ల నాటికి పురుగుమందు మానేసిన ఊళ్ళుగా పేరు తెచ్చుకున్నాయి. తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రంవాళ్ళు ఆ ఊళ్ళతో కలిసి పనిచేశారు. అక్కడ భక్తి ఉంది, పట్టుదల ఉంది, వాటితోపాటు రోలు దగ్గర నిలబడిన మనిషికి చెప్పడానికి ఒక అంకె ఉంది. అలాంటి అంకె తెగుళ్ళకు ఏది? పాలకూర ఆకుమచ్చకు, టమాటా ఆకుమాడుకు, మిరప కాయకుళ్ళుకు?

ఇక్కడే కషాయం భక్తులు లేస్తారు. వాళ్ళకూ నాలుగు మాటలు చెప్పాలి.

అయ్యా, మీరు అన్ని తెగుళ్ళకూ ఒకే కుండ కాస్తున్నారు. బీర ఆకు పైన పిండి చల్లినట్టు పట్టేది బూడిద తెగులు. ఆ శిలీంధ్రం కాపురం ఆకు పైనే, లోపలికి దించేది పీల్చుకునే కొమ్ములు మాత్రమే. వేలితో తుడిస్తే వస్తుంది. అందుకే దాని మీద పాలు, మజ్జిగ, వేపనూనె లాంటివి నిజంగానే పనిచేయగలవు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గ్రీన్‌హౌస్‌లో గుమ్మడి జాతి కూర మీద ఆవుపాలు కొట్టి 1999లో ఫలితాలు ప్రచురించాడు. నీళ్ళలో 10 శాతం, ఆపైన పాలు కలిపి వారం వారం కొడితే రసాయన మందులకు తీసిపోలేదని తేల్చాడు. పాలు! దానికీ అంకె ఉంది. మన పుల్లమజ్జిగకు? ఎన్నాళ్ళు పులియాలి? మే నెల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కరోజులో పులిసేది డిసెంబరులో నాలుగు రోజులకు కూడా పులియదు. కరపత్రం మీద మాత్రం రెండింటికీ ఒకే మాట.

ఇక బూజు తెగులు. పేరు దగ్గరగా ఉంది గనక మీరు రెంటినీ కలిపేశారు. ఆకు పైన పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు నూగు. ఈ జీవి ఆకు లోపల కణాల సందుల్లో పాకుతుంది. (శాస్త్రం లెక్కన ఇది అసలు శిలీంధ్రమే కాదు, నాచుకు దూరపు చుట్టం.) పైన మజ్జిగ చల్లితే దానికేం తెలుస్తుంది? నారుకుళ్ళు మట్టిలో ఉంటుంది, మడి ఎత్తు చేసి నీరు నిలవకుండా చూడటం ఏ కషాయం కన్నా మేలు. ఎండు తెగులు కాండం లోపలి గొట్టాల్లో ఉంటుంది, ఏ ఆకురసమూ అక్కడికి చేరదు. ఈ తేడా చెప్పకుండా “అన్ని తెగుళ్ళకూ దివ్యౌషధం” అనేవాడు వైద్యుడు కాదు, సంతలో తాయెత్తులమ్మేవాడు.

వెల్లుల్లిని మరిగించమంటారు. వెల్లుల్లిలో శిలీంధ్రాన్ని చంపే అల్లిసిన్ పాయలో ముందే తయారుగా ఉండదు. పాయ నలిగినప్పుడు దానిలోని ఎంజైము అప్పటికప్పుడు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైము చస్తుంది. అంటే పాయలను నలపకుండా మరిగే నీళ్ళలో వేసినవాడు చంపింది తెగులును కాదు, మందును. దంచి, కాసేపు వదిలి, చల్లటి నీళ్ళలో కలిపి వెంటనే కొట్టాలి. పసుపు మరిగించమంటారు. కర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, అడుగున పేరుకుని పంపు నాజిల్‌కు అడ్డం పడుతుంది. వేపనూనెకు కుంకుడురసమో సబ్బునీళ్ళో పడకపోతే నీళ్ళలో కలవదు, మిట్టమధ్యాహ్నం కొడితే ఆకే మాడుతుంది. వీటన్నిటినీ మించిన మాట ఒకటుంది: ఆకురసాల పని ఎక్కువగా బీజం ఆకు మీద మొలకెత్తకుండా ఆపడం. మచ్చ కనపడిందంటే అది లోపలికి దిగి రోజులైంది. మబ్బు పట్టినప్పుడు, తెగులు రాకముందు, మళ్ళీ మళ్ళీ కొట్టాలి. ముసురు పట్టిన వారంలో కొట్టినా నిలవదు. ఈ ఓటమిని దాచిపెట్టి రైతును పంపితే, ఒక పంట పోగొట్టుకున్నవాడు రెండోసారి మీ గుమ్మం తొక్కడు.

“మన వేపను అమెరికావాడు దొంగిలించబోతే గెలిచాం కదా” అంటారు. గెలిచాం. ఎలా గెలిచామో కూడా తెలుసుకోండి. డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ, అమెరికా వ్యవసాయశాఖ కలిసి 1994లో యూరప్ పేటెంటు ఆఫీసులో సంపాదించిన ఆ పేటెంటు పురుగుల మీద కాదు. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద. అచ్చంగా మన విషయమే. వందనా శివ, మగ్దా ఎల్వోట్, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ సమాఖ్య కలిసి 1995లో అభ్యంతరం పెట్టారు, 2000లో పేటెంటు రద్దయింది, 2005 మార్చిలో అప్పీలూ పోయింది. వేల ఏళ్ళ సంప్రదాయం గురించి అక్కడ చాలా మాట్లాడారు. కానీ 2000లో మ్యునిక్‌లో కాటా దించింది మహారాష్ట్ర ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన సాక్ష్యం. వేప సారంతో 1985లోనే రైతుల పొలాల్లో పరీక్షలు చేశామని ఆయన చెప్పగలిగాడు. “మా తాతలు చేసేవారు” అనే మాటతో అంత బలంగా నిలబడలేకపోయేవాళ్ళం.

ప్రాచీనం అంటే నాకు ఏవగింపు అనుకోకండి. సికింద్రాబాదులో వై.ఎల్. నేనే అనే పెద్దాయన ఉండేవారు. వరిలో ఖైరా తెగులుకు జింకు లోపం కారణమని తేల్చినవాడు, శిలీంధ్రనాశకాల మీద పాఠ్యపుస్తకం రాసినవాడు, ఇక్రిసాట్‌లో పెద్ద హోదాలో పనిచేసినవాడు. ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టి, సురపాలుడి వృక్షాయుర్వేదం రాతప్రతిని ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం నుంచి తెప్పించి, నళినీ సాధలే చేత ఇంగ్లిషు చేయించి 1996లో అచ్చువేశారు. 2018లో పోయారు. ఒక చేత్తో మందుల పుస్తకం, ఇంకో చేత్తో సురపాలుడు. రెండూ పట్టుకోగల మనిషి మన ఊళ్ళోనే బతికాడు. ఆయన అచ్చువేసిన పుస్తకం పేరు చెప్పుకుని కుండలమ్మేవాళ్ళు మిగిలారు గానీ, ఆయనలా కొలిచి చూద్దామనేవాళ్ళు ఏరీ?

కొలత లేని చోట సీసా దూరుతుంది. మొక్కల సారం, మూలికల సత్తువ, సర్వరోగనివారిణి అని పచ్చటి ఆకుబొమ్మతో వచ్చే సీసాలు ఏ మందుల దుకాణంలోనైనా అరలు అరలు. కొన్నింట్లో ఆకురసం ఉంటుంది, కొన్నింట్లో రంగునీళ్ళుంటాయి, కొన్నింట్లో చీటీ మీద లేని రసాయనం కలిపి ఉంటుంది. ఆఖరిదే బాగా పనిచేస్తుంది, అందుకే ఆఖరిదానికే పేరొస్తుంది. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం తెగులుకు మందు అని అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. వీళ్ళు తెలివైనవాళ్ళు, చీటీ మీద తెగులు మాటే ఎత్తరు, “ఎదుగుదలకు” అంటారు. తెగులు మాట కౌంటరు మీద నోటితో చెబుతారు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లు సుమారు 30 వేలు అదుపు లేకుండా అమ్ముడయ్యాయని 2025లో కేంద్ర వ్యవసాయ మంత్రే ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ సీసాలు కొన్న రైతు డబ్బు ఎవరిస్తారు?

తన పొలానికి తానే కాచుకుని కొట్టుకునే రైతు జోలికి ఆ చట్టం రాదు. అది మంచిదే. కానీ ఆ రైతుకు కొలత చెప్పే దిక్కూ లేదు. కంపెనీ చెప్పదు. ఊరి చెట్టు ఆకును ఊరి రైతే దంచుకుంటే కంపెనీకి పైసా రాదు, లక్షలు పోసి మూడు సీజన్లు పరీక్షలు ఎందుకు చేస్తుంది? ఎవరికీ లాభం రాని పని కాబట్టే అది మన పన్నులతో నడిచే ప్రయోగశాలల పని. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సస్యరక్షణ సంస్థ ఉంది, ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పటాన్‌చెరులో ఇక్రిసాట్ ఉంది. ఒక నగరం చుట్టూ ఇన్ని తక్కెడలు పెట్టుకుని, పాలకూర చుక్కకు వేపాకు ఎంత వేయాలో అడిగితే నేల చూపులు చూడటం నాకు సిగ్గుగా ఉంది.

యూరప్‌వాళ్ళకు ఈ సిగ్గు కాస్త ముందే తగిలింది. అక్కడి చట్టంలో “మౌలిక పదార్థాలు” అని ఒక తరగతి ఉంది. ఎవరి సొత్తూ కాని, తిండిలోనో వంటింట్లోనో ఉండేలాంటి పదార్థాన్ని పంటకు వాడుకోవడానికి ప్రభుత్వమే పరిశీలించి, ఏ పంటకు, ఏ తెగులుకు, ఎంత మోతాదో రాసి అనుమతిస్తుంది. 2014లో గుర్రపుతోక అనే కలుపుమొక్క కషాయానికి, 2016లో జున్ను తీసిన విరుగుడు నీళ్ళకు అలా అనుమతి వచ్చింది. కలుపు కషాయానికి సర్కారు కొలత!

మన దగ్గర కొలతలు వేటికున్నాయి? రైతులు ఎం-45 అని పిలిచే మాంకోజెబ్‌కు ఉంది, కార్బెండజిమ్‌కు ఉంది. మాంకోజెబ్ పునరుత్పత్తికి చేటని, హార్మోన్లను చెడగొడుతుందని యూరప్ 2020 చివర్లో అనుమతి నిలిపేసింది. అదే ఏడు మే నెలలో మన కేంద్రమూ 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది, ఆ పట్టికలో ఈ రెండూ ఉన్నాయి. దుకాణంలో ఈ రెండూ ఇంకా ఉన్నాయి. తోటకూర ఆయుష్షు నాలుగు వారాలు. కొట్టిన మందు విరగడానికి ఆగాల్సిన రోజులు ఆగితే కూర ముదిరిపోతుంది, ఆగకపోతే మందుతో సహా మన పప్పులోకి వస్తుంది. వంకాయకు, సొరకాయకు ఉన్న వెసులుబాటు ఆకుకు లేదు, ఆకుకూరలో మందు పడేదీ మనం తినేదీ ఒకటే. కషాయం కొలత ముందు ఆకుకూరలకే కావాలి అనడం అందుకే. మూసీ మురుగుతో పెరిగిన కూరకు ఇంకా మందు గొడవెందుకని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళింట్లో ఆ కూర వండటం లేదేమో.

మనం, కొనేవాళ్ళం, పెద్ద పుణ్యాత్ములమేం కాదు. మెట్ల పక్కన వంగి ఒక్కో కట్టా విప్పి, చుక్క లేనిది చూసి, చుక్కున్నది ఆవిడ ముఖం మీదికి తోసేస్తాం. ఆ చుక్క కడుపులోకి పోతే ఏమీ కాదు, కూర రుచి కాస్త తగ్గుతుందేమో. ఆ చుక్క పడకుండా ఆవిడ పోసిన మూడు మూతల సంగతి మనం అడగం. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే ఏరుకున్నాను, చదువు ఉండి కూడా.

నిన్న ఆవిడ మళ్ళీ అడిగింది. నేను అంతా చెప్పలేనని, చిన్నగా ఒక మడిలో మాత్రం చేసి చూద్దామని, ఆకులు తూకం వేసి లీటరు లెక్కన కలుపుదామని అన్నాను.

“లీటర్లు గీటర్లు నాకు తెల్వయ్ సారూ. గీ చాయ్ గిలాసతోని చెప్పు” అంది, పక్కన పెట్టుకున్న గ్లాసు చూపిస్తూ.

అడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. అంచుదాకా నీళ్ళు పోసి, మా పాపాయి దగ్గుమందు సీసాతో వచ్చిన కొలగ్లాసుతో కొలిచాను. తొంభై మిల్లీలీటర్లు. ఆకుల లెక్క ఇంకా ఎవరూ చెప్పలేదు.